విండోస్ పక్కన లినక్స్ వేస్తుంటే పార్టిషన్ దగ్గర ఆగిపోయిందా? ఇలా సరిచేసుకోండి

పెన్‌డ్రైవ్‌తో బూట్ చేశారు. భాష, కీబోర్డు, వైఫై అన్నీ సాఫీగా దాటారు. డిస్క్ పేజీకి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. ‘విండోస్ బూట్ మేనేజర్ పక్కన ఉబుంటు వేయి’ అనే ఆప్షన్ ఉండాల్సిన చోట లేదు. ‘డిస్క్ మొత్తం చెరిపేయి’ అన్నది మాత్రం ఎదురుగా ఉంది. లేదంటే అసలు డిస్కే కనబడటం లేదు. విసుగొచ్చి ఆ చెరిపేసే ఆప్షన్ నొక్కేసినవాళ్లు నాకు తెలుసు. ఒకరికి ఎంసీఏ ప్రాజెక్టు పోయింది, ఇంకొకరికి పెళ్లి ఫొటోలు పోయాయి. మీకు ఆ గతి పట్టకూడదనే ఇదంతా రాస్తున్నాను.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేశాక, పాత ల్యాప్‌టాప్‌లలో లినక్స్ వేసుకుందామని అడిగేవాళ్లు మా బంధువుల్లోనే చాలామంది అయ్యారు. వాళ్లందరికీ నేను మొదట చెప్పేది ఒకటే. ఇన్‌స్టాలర్ వద్దంటే బలవంతం చేయకండి. మీ సీ డ్రైవ్‌ను కదిపితే చెడిపోతుందేమోనని అది అనుమానిస్తోంది. ఆ అనుమానం ఎందుకు వచ్చిందో కనుక్కుని తీర్చాలి. ఆ పని చాలాసార్లు లినక్స్‌లో ఉండదు, వెనక్కి వెళ్లి విండోస్‌లో చేయాలి.

ఇక్కడ చెప్పే మెనూ పేర్లు విండోస్ 11, ఉబుంటు 24.04 చూసి రాసినవి. మింట్, ఫెడోరా, డెబియన్ లాంటి వేరే లినక్స్‌లు వేసేవాళ్లకూ కారణాలు ఇవే, బటన్ల పేర్లే మారతాయి.

ముందుగా చేయాల్సినవి

ముఖ్యమైన ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. అదే డిస్క్‌లోని డీ డ్రైవ్‌లో పెట్టుకుంటే అది బ్యాకప్ అనిపించుకోదు. పార్టిషన్ పట్టిక (డిస్క్‌ను ఏ భాగాలుగా విడగొట్టారో రాసి ఉండేది) చెడితే సీ, డీ రెండూ కలిసే పోతాయి. కాపీ అయ్యాక రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే ఉంచండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి, పార్టిషన్ జరుగుతుండగా కరెంటు పోతే ఎవరూ ఏమీ చేయలేరు.

తర్వాత విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, అందులో కనిపించే పార్టిషన్లన్నిటికీ ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. ఏది ఎంత సైజు, ఏ వరుసలో ఉంది అన్నది తర్వాత లినక్స్ తెర మీద అక్షరాల పేర్లు లేకుండా కనిపిస్తుంది. అప్పుడు ఆ ఫొటోనే మీకు దారి చూపిస్తుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: 512 జీబీ డిస్క్‌ను విండోస్ 476 జీబీ అంటుంది, లినక్స్‌లో కొన్ని టూల్స్ 512 అనే చూపిస్తాయి. 1 టీబీ అయితే విండోస్‌లో 931. లెక్క కట్టే పద్ధతిలో తేడా అంతే, డిస్క్ ఒకటే.

పక్కన వేసే ఆప్షన్ కనబడకపోతే

మొదట అనుమానించాల్సింది బిట్‌లాకర్‌ను, అంటే డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళాన్ని. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, చాలా ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ (ఇదీ బిట్‌లాకర్ తాళమే) దానంతట అదే ఆన్ అవుతుంది. మీరు ఏనాడూ ఆన్ చేయలేదు కాబట్టి మీకు తెలియదు. తాళం వేసిన పెట్టె లోపల ఎంత ఖాళీ ఉందో ఇన్‌స్టాలర్‌కు కనబడదు కాబట్టి దాన్ని కుదించలేనంటుంది.

మొదట రికవరీ కీ దాచుకోండి. అది 48 అంకెలు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి బ్రౌజర్‌లో వెళ్లి, డివైసెస్ కింద మీ ల్యాప్‌టాప్‌ను ఎంచుకుంటే అక్కడ ఉంటుంది. కాగితం మీద రాసుకోండి, ఫోన్‌లో ఫొటో కూడా ఉంచండి. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే కంప్యూటర్ సెట్టింగ్స్‌లో) సెక్యూర్ బూట్ లాంటిది ఏది మార్చినా విండోస్ ఆ కీ అడగొచ్చు. అప్పుడు లేకపోతే డేటా మొత్తం తాళం లోపలే ఉండిపోతుంది.

కీ చేతిలో ఉన్నాక సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో డివైస్ ఎన్‌క్రిప్షన్‌కు వెళ్లి ఆఫ్ చేయండి. ప్రో వెర్షన్ అయితే కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ పేజీ ఉంటుంది. ఆఫ్ నొక్కగానే పని అయిపోయినట్టు కాదు. డిస్క్ అంతా విప్పడానికి అరగంట పట్టొచ్చు, గంటలూ పట్టొచ్చు. పూర్తయ్యేదాకా ఆగండి.

ఇక్కడ చాలామంది చిక్కుకునే మెలిక ఒకటి ఉంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ‘వెయిటింగ్ ఫర్ యాక్టివేషన్’ అని ఉంటుంది, అంటే రక్షణ ఇంకా మొదలు కాలేదు. కానీ డిస్క్ మీది డేటా అప్పటికే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, తాళంచెవి తాళానికే వేలాడుతున్నట్టు. విండోస్ ఆఫ్ అంటుంది, ఉబుంటు బిట్‌లాకర్ ఉందంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అసలు సంగతి తెలియాలంటే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి మేనేజ్-బీడీఈ కమాండ్‌ను స్టేటస్ ఆప్షన్‌తో ఇవ్వండి. ఎన్‌క్రిప్ట్ అయిన శాతం 0 అని వస్తేనే దారి తెరుచుకున్నట్టు. రాకపోతే అదే కమాండ్‌కు ఆఫ్ ఆప్షన్, సీ డ్రైవ్ అక్షరం ఇచ్చి, 0 అయ్యేదాకా మధ్యమధ్యలో చూస్తూ ఉండండి.

రెండో అనుమానం ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే మీరు షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, కొంత భాగం నిద్రలోకి వెళుతుంది. సీ డ్రైవ్ ఇంకా వాడకంలో ఉన్నట్టే లెక్క. అలాంటి డ్రైవ్‌ను లినక్స్ కుదించదు, రాయడానికి కూడా ఒప్పుకోదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, ‘చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ’ కింద దాని టిక్ తీసేయండి. ఇంకా మంచి మార్గం హైబర్నేషన్‌నే ఆపేయడం. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్ హెచ్, ఇంకో ఖాళీ, ఆఫ్. ఇంతే. ఫాస్ట్ స్టార్టప్ హైబర్నేషన్ మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి ఒకే దెబ్బకు రెండూ పోతాయి. తర్వాత పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లేటప్పుడు షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ వాడండి. రీస్టార్ట్ చేస్తే విండోస్ పూర్తిగానే ఆగుతుంది.

ఇవి రెండూ సరిగా ఉన్నా కుదించడం విఫలమైతే ఫైల్ సిస్టమ్‌లో తప్పులు ఉండొచ్చు. సీ డ్రైవ్ ప్రాపర్టీస్‌లో టూల్స్ ట్యాబ్ కింద చెక్ నొక్కి, అది చెప్పినట్టు రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

ఖాళీ ఉన్నా సీ డ్రైవ్‌ను కుదించడం కుదరకపోతే

పక్కన వేసే ఆప్షన్ వచ్చినా, సీ డ్రైవ్‌ను విండోస్ చేతితోనే కుదించడం నాకు ఇష్టం. దాని ఫైళ్లు ఎక్కడున్నాయో దానికే బాగా తెలుసు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ మీద రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ ఎంచుకోండి. అది ఎంబీలలో అడుగుతుంది: 60 జీబీ కావాలంటే 61440, 80 జీబీకి 81920, 100 జీబీకి 102400. ఉబుంటుకు 25 జీబీ సరిపోతుందని రాసి ఉంటుంది కానీ, రోజూ వాడేవాళ్లకు 60 కంటే తక్కువ ఇవ్వొద్దని నా సలహా. తర్వాత పెంచుకోవడం ఇప్పుడు ఎక్కువ ఇవ్వడం కంటే కష్టం.

డ్రైవ్‌లో 200 జీబీ ఖాళీ ఉన్నా ష్రింక్ చేయడానికి 4 జీబీయే ఉందంటే కంగారు పడకండి. విండోస్ డ్రైవ్‌ను చివరి నుంచి కుదిస్తుంది. ఆ చివర్లో కదపకూడని ఫైల్ ఒక్కటి ఉన్నా అక్కడే ఆగిపోతుంది. బస్సులో వెనక సీట్లన్నీ ఖాళీగా ఉండి, చివరి సీట్లో ఒకాయన మాత్రం లేవనని కూర్చున్నట్టు. ఆ కదలని ఫైళ్లు సాధారణంగా మూడు: హైబర్నేషన్ ఫైల్, పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునేది), సిస్టమ్ రీస్టోర్ దాచుకున్న పాత కాపీలు.

హైబర్నేషన్ పైన చెప్పిన కమాండ్‌తోనే పోయింది. పేజ్ ఫైల్ కోసం స్టార్ట్‌లో ‘అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్’ వెతికి, పెర్ఫార్మెన్స్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, వర్చువల్ మెమరీకి వెళ్లండి. ఆటోమేటిక్ టిక్ తీసి, సీ డ్రైవ్‌కు ‘నో పేజింగ్ ఫైల్’ ఎంచుకుని, సెట్ నొక్కండి. ఆ సెట్ బటన్ మర్చిపోయి నేరుగా ఓకే నొక్కితే ఏమీ మారదు. అదే విండోలోని సిస్టమ్ ప్రొటెక్షన్ ట్యాబ్‌లో సీ డ్రైవ్‌కు రక్షణ ఆపి, పాత రీస్టోర్ పాయింట్లు తీసేయండి. రీస్టార్ట్ చేసి మళ్లీ ష్రింక్‌కు వెళ్లండి.

ఇంకా మొండికేస్తుంటే ఈవెంట్ వ్యూయర్ తెరవండి. అప్లికేషన్ లాగ్‌లో 259 నంబరు ఈవెంట్ ఉంటుంది. ఏ ఫైల్ దగ్గర ఆగిందో అందులో పేరుతో సహా రాసి ఉంటుంది. ఆ పేరు చూస్తే ఏ ప్రోగ్రామ్ ఫైలో తెలిసిపోతుంది. కొన్నిసార్లు అది విండోస్ ఫైల్ సిస్టమ్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్ సొంత పట్టిక ఎంఎఫ్‌టీ అయి ఉంటుంది. దాన్ని విండోస్ టూల్ పక్కకు జరపలేదు. అప్పుడు పార్టిషన్లు మార్చే టూల్ జీపార్టెడ్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) బూట్ చేసి కుదించండి. లినక్స్ మింట్ లైవ్‌లోనూ జీపార్టెడ్ ఉంటుంది. అయ్యాక లినక్స్ ఇన్‌స్టాల్ చేయకుండా ఒకసారి విండోస్‌లోకి వెళ్లండి. అది డిస్క్ తనిఖీ మొదలుపెడుతుంది, మధ్యలో ఆపకుండా పూర్తి కానివ్వండి.

కుదించాక వచ్చిన ఖాళీ జాగాను అలాగే వదిలేయండి. నల్ల గీతతో ‘అన్‌అలొకేటెడ్’ అని కనిపించాలి. దాని మీద రైట్ క్లిక్ చేసి కొత్త వాల్యూమ్ చేసి, E డ్రైవ్ అని పేరు పెట్టుకోవద్దు. ఆ జాగాకు కుడివైపున రికవరీ పార్టిషన్ ఉంటే దాన్నీ కదపొద్దు, అక్కడ ఉన్నా లినక్స్‌కు అడ్డం లేదు.

డిస్కే కనబడకపోతే

ఇన్‌స్టాలర్‌లో పెన్‌డ్రైవ్ తప్ప వేరే డిస్క్ లేదంటే, లేదా ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ (ఇంటెల్ సొంత డిస్క్ మోడ్) ఆపమని అడిగితే, తప్పు బయోస్ సెట్టింగ్‌లో ఉంది. స్టోరేజ్ కంట్రోలర్ రెయిడ్ లేదా ఆర్‌ఎస్‌టీ మోడ్‌లో ఉంటే ఇలా జరుగుతుంది. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లలో దీని పేరు వీఎండీ. కొన్ని ఏసర్ మోడళ్లలో ఆ ఆప్షన్ దాగి ఉంటుంది. బయోస్‌లో మెయిన్ ట్యాబ్‌లో ఉండగా కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే బయటికి వస్తుంది.

నేరుగా వెళ్లి ఏహెచ్‌సీఐ అనే మామూలు డిస్క్ మోడ్‌కు మార్చేయకండి. మారిస్తే లినక్స్‌కు డిస్క్ కనిపిస్తుంది కానీ విండోస్ నీలి తెర చూపించి ఆగిపోవచ్చు. ఎందుకంటే కొత్త మోడ్‌కు కావాల్సిన డ్రైవర్‌ను అది బూట్‌కు సిద్ధం చేసుకోలేదు. ఈ వరుసలో చేయండి:

1. బిట్‌లాకర్ ఆఫ్ అయి ఉండాలి, లేదా రికవరీ కీ చేతిలో ఉండాలి. విండోస్‌కు పిన్ మాత్రమే కాకుండా పాస్‌వర్డ్ కూడా గుర్తుండాలి, సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు.
2. విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్, మినిమల్ టిక్ పెట్టండి.
3. రీస్టార్ట్ చేసి, విండోస్ మొదలవకముందే బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐకి మార్చండి లేదా వీఎండీ ఆపండి. సేవ్ చేయండి.
4. విండోస్ సేఫ్ మోడ్‌లో తెరుచుకుంటుంది, కావాల్సిన డ్రైవర్‌ను అక్కడే పట్టుకుంటుంది. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేయండి.

విండోస్ మామూలుగా వచ్చిందని చూసుకున్నాకే పెన్‌డ్రైవ్ పెట్టండి. నీలి తెర వచ్చినా భయం లేదు, బయోస్‌లో పాత మోడ్‌కు తిప్పితే మళ్లీ మామూలైపోతుంది.

డిస్క్ కనిపించి, అందులోని ఖాళీని ‘అన్‌యూజబుల్’ అంటే

ఇది పాత ల్యాప్‌టాప్‌ల జబ్బు. విండోస్ 7తో కొని, తర్వాత 10కి అప్‌గ్రేడ్ అయినవాటిలో డిస్క్ ఇంకా ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పట్టిక పద్ధతిలోనే ఉంటుంది. ఎంబీఆర్‌లో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే. సిస్టమ్ రిజర్వ్‌డ్, సీ, కంపెనీ రికవరీ, కంపెనీ టూల్స్ కలిసి ఆ నాలుగూ నిండిపోతాయి. మీరు 100 జీబీ ఖాళీ చేసినా ఐదో పార్టిషన్‌కు పట్టికలో గడి లేదు. కొత్త జీపీటీ పద్ధతిలో 128 దాకా పడతాయి కాబట్టి వాటిలో ఈ గొడవ రాదు.

ఇలాంటి డిస్క్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్‌తో ఐదో వాల్యూమ్ చేయబోతే, డైనమిక్ డిస్క్‌గా మారుస్తానని విండోస్ ఒక హెచ్చరిక చూపిస్తుంది. అక్కడ యెస్ (Yes) అని నొక్కొద్దు. డైనమిక్ అయిన డిస్క్‌లో లినక్స్ ఇన్‌స్టాలర్లు పని చేయలేవు. వెనక్కి తేవాలంటే విండోస్‌లో వాల్యూమ్‌లన్నీ తీసేయడమే దారి.

మంచి మార్గం ఒక గడి ఖాళీ చేయడం. డేటా డ్రైవ్ ఏదైనా ప్రైమరీగా ఉంటే, అందులోవి బయటికి కాపీ చేసి, దాన్ని తొలగించి, ఆ జాగాలో ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ చేయండి. దాని లోపల లాజికల్ పార్టిషన్లు ఎన్నో పెట్టుకోవచ్చు, లినక్స్ లాజికల్‌లో హాయిగా నడుస్తుంది. మదర్‌బోర్డు యూఈఎఫ్‌ఐకి (బూట్ చేసే కొత్త పద్ధతి, పాతదాన్ని లెగసీ అంటారు) పనికొచ్చేదైతే విండోస్ 10లో ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో డేటా పోకుండా జీపీటీకి మార్చే వీలుంది. అయితే ప్రైమరీలు మూడుకు మించకూడదు, ఎక్స్‌టెండెడ్ అసలు ఉండకూడదు. మార్చాక బయోస్‌లో బూట్ మోడ్‌ను యూఈఎఫ్‌ఐకి తిప్పాలి.

పెన్‌డ్రైవ్, విండోస్ ఒకే మోడ్‌లో ఉన్నాయా?

విండోస్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 తెరిస్తే ‘బయోస్ మోడ్’ అని ఒక వరుస ఉంటుంది. అక్కడ యూఈఎఫ్‌ఐ ఉంటే పెన్‌డ్రైవ్ కూడా యూఈఎఫ్‌ఐలోనే బూట్ కావాలి, లెగసీ అని ఉంటే లెగసీలోనే. బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనబడితే, పేరు ముందు యూఈఎఫ్‌ఐ అని ఉన్నది ఒక మోడ్, లేనిది ఇంకో మోడ్. ఏ మోడ్‌లో వచ్చారో అనుమానం ఉంటే ఉబుంటు లైవ్‌లో ఫైల్స్ యాప్ తెరిచి, సిస్ ఫోల్డర్‌లోని ఫర్మ్‌వేర్ ఫోల్డర్ చూడండి. అందులో ఈఎఫ్‌ఐ ఫోల్డర్ ఉంటే యూఈఎఫ్‌ఐలో ఉన్నట్టు.

మాన్యువల్‌గా పార్టిషన్ చేసేటప్పుడు

పక్కన వేసే ఆప్షన్ రాకపోయినా ఖాళీ జాగా సిద్ధంగా ఉంటే ‘మాన్యువల్ ఇన్‌స్టలేషన్’ ఎంచుకోవచ్చు. మీరు తీసుకున్న ఫొటో ఇప్పుడు పక్కన పెట్టుకోండి. ఎస్‌ఎస్‌డీ, హార్డ్‌డిస్క్ రెండూ ఉన్న ల్యాప్‌టాప్‌లో డిస్క్‌ను పేరుతో కాకుండా సైజుతో గుర్తుపట్టండి.

ఫ్రీ స్పేస్ అని ఉన్న వరుస ఎంచుకుని ఒకే పార్టిషన్ చేయండి: ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్ సిస్టమ్), మౌంట్ పాయింట్ స్లాష్ (/). స్వాప్‌కు (విండోస్ పేజ్ ఫైల్ లాంటిది) విడిగా పార్టిషన్ అక్కర్లేదు, ఉబుంటు స్వాప్ ఫైల్‌ను తనే చేసుకుంటుంది. హోమ్‌ను (మీ సొంత ఫైళ్లు ఉండే ఫోల్డర్) విడదీయమని చాలామంది చెబుతారు కానీ, 60, 80 జీబీలలో విడదీస్తే ఒకటి నిండి ఇంకోటి ఖాళీగా మిగులుతుంది. మొదటిసారి వేసేవాళ్లు ఒకటే ఉంచుకోండి.

ఇక మిగిలింది ఈఎఫ్‌ఐ పార్టిషన్. విండోస్ చేసుకున్నది తరచుగా 100 ఎంబీయే ఉంటుంది, ఫ్యాట్32లో ఉంటుంది. దాన్నే /boot/efi మౌంట్ పాయింట్‌కు వాడాలి. ఫార్మాట్ టిక్ మాత్రం పెట్టకూడదు. విండోస్‌ను లేపే ఫైళ్లు ఉన్నది అందులోనే. ఒకసారి మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో 100 ఎంబీదేదో పనికిరానిదనుకుని నేను దాన్ని తొలగించాను. మర్నాడు వాడికి ఆన్‌లైన్ పరీక్ష ఉంది. రాత్రంతా కూర్చుని తిరిగి తెచ్చాను. మీకూ అలా జరిగితే, వేరే కంప్యూటర్‌లో విండోస్ ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్ చేసి బూట్ చేయండి. మొదటి తెర మీద షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. డిస్క్‌పార్ట్‌లో ఆ ఖాళీ జాగాలో 100 ఎంబీ ఈఎఫ్‌ఐ పార్టిషన్ చేసి, ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, ఎస్ అనే అక్షరం ఇవ్వండి. విండోస్ ఉన్న డ్రైవ్‌కు ఇక్కడ సీ కాకుండా వేరే అక్షరం ఉండొచ్చు, లిస్ట్ వాల్యూమ్‌తో చూసుకోండి. బయటికి వచ్చి బీసీడీబూట్ కమాండ్‌కు ఆ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్ దారి, స్లాష్ ఎస్ తర్వాత మీరిచ్చిన ఎస్ డ్రైవ్, స్లాష్ ఎఫ్ తర్వాత యూఈఎఫ్‌ఐ ఇస్తే బూట్ ఫైళ్లు మళ్లీ తయారవుతాయి. సీ డ్రైవ్‌లోని ఫైళ్లకు ఏమీ కాదు.

గ్రబ్ (ఆన్ చేయగానే ఏ సిస్టమ్ తెరవాలో అడిగే మెనూ) పెట్టే దశలో ఇన్‌స్టలేషన్ ఆగిపోతే ఆ 100 ఎంబీ నిండిందేమో చూడండి. పాతదాన్ని పెంచబోకుండా, ఖాళీ జాగాలో 512 ఎంబీతో రెండో ఈఎఫ్‌ఐ పార్టిషన్ చేసి లినక్స్‌కు దాన్ని ఇవ్వడం సురక్షితం.

ఈఎఫ్‌ఐ కాకుండా మీ డేటా ఉన్న పార్టిషన్ ఏదైనా పొరపాటున తొలగిపోతే ఆ క్షణమే ఆగండి. దాని స్థానంలో కొత్తది చేయొద్దు, ఫార్మాట్ చేయొద్దు. తొలగించినప్పుడు పోయేది పట్టికలో చిరునామా మాత్రమే, ఇల్లు ఇంకా అక్కడే ఉంటుంది. లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి టెస్ట్‌డిస్క్ అనే టూల్ నడిపితే చాలాసార్లు ఆ చిరునామా తిరిగి దొరుకుతుంది. పైన ఏదైనా రాసేశాక మాత్రం దొరకడం కష్టం.

అయ్యాక

నేరుగా విండోసే తెరుచుకుంటే పార్టిషన్లలో తప్పు లేనట్టే. బయోస్ బూట్ వరుసలో ఉబుంటును పైకి తీసుకురండి. గ్రబ్ మెనూలో విండోస్ కనబడకపోతే, 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి ఇతర సిస్టమ్‌లను వెతకడం మామూలుగా ఆపేసి ఉంటుందని తెలుసుకోండి. ఈటీసీ కింద డిఫాల్ట్ ఫోల్డర్‌లోని గ్రబ్ ఫైల్‌లో ఓఎస్ ప్రోబర్ పేరుతో, చివర ఫాల్స్ అని ఉన్న వరుస ముందు # గుర్తు తీసేసి, అప్‌డేట్-గ్రబ్‌ను సుడోతో (అడ్మినిస్ట్రేటర్ హక్కులతో) నడపండి.

విండోస్‌లోకి వెళ్లాక గడియారం ఐదున్నర గంటలు తేడాగా ఉంటే అదీ పార్టిషన్ల తప్పు కాదు. లినక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీలో ఉంచుతుంది, విండోస్ దాన్ని మన సమయం అనుకుంటుంది.

చివరగా విండోస్‌లో పేజ్ ఫైల్, సిస్టమ్ ప్రొటెక్షన్ మళ్లీ ఆన్ చేయండి. ఫాస్ట్ స్టార్టప్, హైబర్నేషన్ మాత్రం ఆఫ్‌లోనే ఉంచండి, లేకపోతే లినక్స్ నుంచి మీ డీ డ్రైవ్‌లో ఏదీ సేవ్ చేయలేరు. బిట్‌లాకర్ మళ్లీ పెట్టుకోవాలంటే రెండు సిస్టమ్‌లూ నాలుగైదు రోజులు సరిగా బూట్ అవుతున్నాయని చూసుకుని అప్పుడు పెట్టుకోండి. కొత్త కీని కూడా కాగితం మీద రాసుకోండి, పాతది ఇక పనిచేయదు.